జెర్బాకు నువ్వు వెళ్లవద్దు

సురేందర్,

పొయ్యి మీద పప్పూ అన్నం ఉన్నాయి. ముందు తిను. జలంధర్ మనుషులు వచ్చి తలుపు కొడితే తియ్యకు. నీ పాస్‌పోర్టు బియ్యం డబ్బాలో పెట్టాను. ఎవరు అడిగినా ఇవ్వకు.

జలంధర్‌ను కొట్టాను. ముందటి పళ్లు రెండు ఊడి నేల మీద పడ్డాయి. పోలీసులొచ్చి ఈడ్చుకుపోయేకంటే నేనే వాళ్ల దగ్గరికి వెళ్తున్నాను.

పొద్దున నజ్మా ఏరియాలో వాడి డ్రైవర్ సప్లై ఆఫీసుకు మర్యాదగానే వెళ్లాను. "మావోడి యజమాని కఫీల్ ఇంటోళ్లు నెల రోజులు ట్యునీషియాలో జెర్బా దీవికి పోతున్నరు. రెండు బండ్లకు మా సురేందర్ ఒక్కడేనా? ఆడ ఇంకో డ్రైవర్‌ను కిరాయికి పెట్టించు. వీడు నిద్ర లేక మొన్ననే బండి గోడకు గుద్దిండు" అన్నాను.

వాడు నవ్వాడు. "నిద్రొస్తే చెంప మీద రెండు పీకమని కఫీల్ కొడుక్కు నేనే చెప్పిన అన్నా. రోజూ గట్లనే లేపుతున్నడట. వరల్డ్ కప్ ముంగట గిసొంటి డ్యూటీ దొరుకుతదా?" అన్నాడు.

చెంప వాపు పంటి నొప్పి వల్లేనని నాతో అబద్ధం చెప్పావు కదరా. వాడి కుర్చీ ఎత్తి, అది విరిగేదాకా వాణ్ని కొట్టాను. తర్వాత ఈ ప్రయాణం కోసమని వాడు టేబుల్ మీద పెట్టుకున్న నీ పాస్‌పోర్టు తీసుకొని వచ్చాను.

రేపు ఎంబసీకి వెళ్లు. జరిగింది దాచకుండా చెప్పు.

మీ బావ

మీ అక్కకు మాత్రం నిజం చెప్పకు. నీ బదులు నేనే జెర్బాకు పోయానని, అక్కడ ఫోన్ కలవదని చెప్పు. సముద్రం బాగుందట అని కూడా చెప్పు.