మూడో దిబ్బ దాటి దిగని బండి

లింగస్వామి తాగి బండెక్కలేదు. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం మరచిపోనూ లేదు. ఫణీ, ఆ రెండు మాటలూ నువ్వు పుట్టించినవి. మనిషి పోయింది పొరపాటు వల్ల. పేరు పోయింది నీ వల్ల. నీ ట్రాక్‌లో నాలుగేళ్లు పనిచేసి నిన్ను సార్ అని పిలిచాను. ఈ కాగితంలో పిలవను.

ఇక పద్ధతి ప్రకారం. ఇబ్రహీంపట్నం కాపురస్తుడిని, కీర్తిశేషులు నారయ్య కొడుకును, ఇరవై నాలుగేళ్ల వాడిని, బైక్ ట్రాక్ మెకానిక్‌ని అయిన బాలేష్ అనే నేను, ఒంట్లో రోగం లేకుండా, ఒకరి ఒత్తిడి లేకుండా, మంచీ చెడూ తెలిసిన మతితో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఏదీ రాయలేదు. చదివింది ఏడో తరగతి. ఎలా రాయాలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని అడిగి తెలుసుకున్నాను. ఈ వయసులో వీలునామా ఏందిరా అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

నా మతి మీద ఎవరికైనా అనుమానం వస్తే ఐదో అంశం చదివి, ఆదివారం పదకొండున్నరకు ట్రాక్ దగ్గరికి వచ్చి నిలబడండి. పట్టపగలే.

1. మా అమ్మ కాశమ్మకు: చేపల గంప కట్టుకునే మోపెడ్ ఎలాగూ ఆమెదే. కాగితాలు నా పేరున ఉన్నాయి, అవీ ఆమెవే. బ్రేకు కేబుల్ వారానికోసారి చూడాలి, ఆమె చూడదు. నా ఇనుప మంచం, పెట్టె, ఫోను ఆమెకు. ఫోనులో పని పురమాయిస్తూ లింగస్వామి పంపిన మాటలు ఉన్నాయి. చెరపవద్దని మనవి.

2. నాకు పని నేర్పిన మేస్త్రి లింగస్వామి. ఆయన బిడ్డ నర్మద ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆమెకు నా నూట పాతిక సీసీ జపాన్ టూ స్ట్రోక్ బండి. దానికి లైటు లేదు, నంబరు ప్లేటు లేదు. రోడ్డు కోసం చేసింది కాదు, మట్టి దిబ్బల మీద ఎగరడానికే చేసింది. ఇది నీదెట్లా అయిందని ఎవరైనా అడిగితే: మేస్త్రి పోయింది ఈ బండి మీదే. ఆ తర్వాత ఫణి దాన్ని తుక్కులో వేయించాడు. "తీసుకుపోరా, అది మళ్లీ నా కంటికి కనపడకూడదు" అని నాతో అన్నాడు. ఆ మాటే నాకు దస్తావేజు. మళ్లీ నిలబెట్టడానికి తొమ్మిది నెలలు పట్టింది.

నర్మదా, మీ నాన్న నన్ను మొదటి నెల బండి ఎక్కనివ్వలేదు. ఎయిర్ ఫిల్టర్ కడిగించాడు. స్పాంజిని సబ్బునీళ్లలో పిసకాలి, ఆరబెట్టాలి, నూనె పట్టించి పిండాలి. దుమ్ము కనబడితే మళ్లీ మొదటి నుంచి. రెండో నెల ప్లగ్గు విప్పి రంగు చదవడం నేర్పాడు. బెల్లం రంగు అయితే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టు. తెల్లగా ఎండి ఉంటే ఇంజన్ దాహంతో చస్తున్నట్టు. మూడో నెల ఎక్కించాడు. కిక్కు కొట్టగానే ఉరకకు, సిలిండర్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలేదాకా ఆగు. చివరి పాఠం మాత్రం రోజూ చెప్పేవాడు: "ఎడమచెయ్యి యేలు క్లచ్ మీదికెల్లి తియ్యకు. ఇంజన్ పట్టేసిందంటే ఎనకచక్రం రాయి లెక్క ఆగుతది. గప్పుడు నీ పానం గా ఒక్క యేలు మీదనే ఉంటది."

నువ్వు ఈ బండి నేర్చుకోవాలి. నేను నేర్పలేకపోతే వేరెవరైనా నేర్పుతారు. కానీ మూడో దిబ్బ ఎక్కకు. ఎందుకో కింద రాశాను.

3. మేస్త్రి ఆయిల్ కొలిచే పాలసీసా, మూతతో సహా, నర్మదకే. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ వేరేగా పోయరు, పెట్రోల్‌లోనే కలపాలి. కలపకపోతే నిమిషాల్లో పిస్టన్ కాలి పట్టేస్తుంది. ఐదు లీటర్లకు నూట అరవై మిల్లీలు. గీతలు సరిగ్గా ఉన్నాయని మేస్త్రి నువ్వు చిన్నప్పుడు పాలు తాగిన సీసానే కొలతకు పెట్టుకున్నాడు. కడగవద్దు.

ఆ సీసాకు తోడు ఒక నియమం ఉండేది. మా డబ్బాలు ఇనుపవి, లోపల ఏముందో రంగు కనబడదు. అందుకని ఆయిల్ కలిపినవాడు డబ్బా పిడికి ఎర్ర దారం కట్టాలి. పోసినవాడు విప్పాలి. దారం ఉంటే కలిపినట్టు, లేకుంటే ఉత్త పెట్రోల్. "డబ్బా జూడకు, దారం జూడు" అనేవాడు. ట్రాక్‌లో చదువు రానివాళ్లకు కూడా తెలిసిన నియమం. ఫణికీ తెలుసు.

4. నా పౌడర్ డబ్బీలో ఉన్న ఎర్ర దారం మేస్త్రి భార్య సిద్దమ్మకు. అక్కా, అది ఎక్కడిదో నీకు ఏడాది కిందే చెప్పాల్సింది.

పోయినేడు దసరా శనివారం వచ్చింది. మేస్త్రి సెలవులో ఉన్నాడు. ఫణి తల్లి తాయారమ్మ గారు వనస్థలిపురం నుంచి వచ్చి ఆయుధ పూజ చేయించారు. పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుంది నేనే. ఆమె ప్రతి బండికీ, ప్రతి పానాకూ, ప్రతి హెల్మెట్‌కూ బొట్టు పెట్టి ఎర్ర దారం కట్టారు. చివరికి పెట్రోల్ డబ్బాలకు, ఆరింటికీ. అప్పటికి ఏ ఒక్కదాంట్లోనూ ఆయిల్ కలపలేదు. నేను ఫణిని పక్కకు పిలిచి చెప్పాను. "అమ్మ కట్టింది విప్పకూడదురా, అపశకునం. రేపు లింగస్వామికి చెబుదువుగానిలే" అన్నాడు. మేస్త్రికి ఫోన్ చేద్దామనుకున్నాను. పండగ పూట ఎందుకులే అనుకున్నాను.

మరునాడు పోటీ. నేను రాగానే ఫణి నన్ను ఫ్లెక్సీలు కట్టడానికి గేటు దగ్గరికి పంపాడు. మేస్త్రి వచ్చాడు, దారం చూశాడు, దారం విప్పి జేబులో వేసుకున్నాడు, పెట్రోల్ పోశాడు. ఇంజన్‌లో మిగిలిన పాత ఆయిల్‌కు మొదటి చుట్టు పొగ వచ్చిందట. రెండో చుట్టులో, పదకొండున్నరకు, మూడో దిబ్బ మీద నుంచి గాలిలోకి లేచినప్పుడు ఇంజన్ పట్టేసింది. చక్రం ఆగితే గాలిలో బండి ముక్కు కిందికి వంగుతుంది. నేను గేటు దగ్గర నిచ్చెన మీద ఉన్నాను. చప్పుడు లేవడం విన్నాను. తెగిపోవడం విన్నాను.

జీపు దవాఖానకు కదలకముందే ఫణి నా దగ్గరికి వచ్చి అన్న మాట: "ముందు ఆ దారాలు కోసెయ్." కోశాను. మిగిలిన ఐదు డబ్బాలవీ కోసి పొయ్యిలో వేశాను. మేస్త్రి జేబులోని దారం కూడా తీసి రెండు ముక్కలు చేశాను. దాన్ని మాత్రం పొయ్యిలో వేయలేకపోయాను. ఈ పాపం నాది, ఇంకొకరి నెత్తిన పెట్టను.

దసరా మరునాడు మా దిక్కు మనిషి తాగలేదంటే ఎవరు నమ్ముతారు? ఫణి సరిగ్గా అదే పట్టుకున్నాడు. కేసు పెడితే తాగినట్టు రాస్తారు, పరువు పోతుందని పెద్దమనుషులతో సిద్దమ్మకు చెప్పించాడు. మేస్త్రి మందు మాని అప్పటికి మూడేళ్లు. సిద్దమ్మ అందరి ముందూ ఒకే మాట అంది: "నా మొగని నోరు నేను వాసన జూసిన. పెట్రోల్ వాసన తప్ప ఏం లేదు." ఎవరూ వినలేదు. నేనూ అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ దారం గురించి ఇంకొకటి. రెండు ముక్కలు కదా, విడివిడిగా ఉండాలి. సోమవారం డబ్బీ తెరిస్తే కలిసి ముడిపడి ఉంటుంది. ఎడమ నుంచి రెండు చుట్లు, మేస్త్రి వేసే ముడి. విప్పుతాను. మళ్లీ సోమవారం ముడి. నేనే వేసి మరచిపోతున్నానేమోనని డబ్బీని మల్లేశయ్య పంచర్ షాపు బీరువాలో పెట్టి తాళం ఆయన దగ్గరే ఉంచాను. సోమవారం ఆయనే తెరిచాడు. డబ్బీ నా చేతిలో పెట్టి, షాపు గడప మీద నీళ్లు చల్లాడు.

5. పదిహేడో నంబరు ప్లాటు కొనేవాళ్లకు: మీరెవరో నాకు తెలియదు. ఆదిభట్లకు కంపెనీ బస్సులో పోయివచ్చే వాళ్లు కావచ్చు. ట్రాక్‌ను ఫణి వెంచర్ చేశాడు. ఈ దసరా పోటీ ఆఖరుది, ఆ తర్వాత జేసీబీలు దిబ్బలను చదును చేస్తాయి. మీ ప్లాటు మూడో దిబ్బ. మీకు ఇచ్చేందుకు ఈ కబురు తప్ప నా దగ్గర ఏమీ లేదు.

ఆదివారం పగలు పదకొండున్నరకు చప్పుడు వస్తుంది. నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునే మైదానం నుంచి లేచిన విమానం అనుకుంటారు. విమానం చప్పుడు దూరం పోయి సన్నబడుతుంది. ఇది మీ నెత్తి మీదికి లేచి తెగిపోతుంది. దిగిన చప్పుడు రాదు. కుక్కలు అన్నీ ఒకేసారి తలెత్తి, దేన్నో చూస్తూ మెడలు తిప్పి, సగంలో ఆగిపోతాయి. ట్రాక్ పక్కన గడ్డి కోసుకునే నర్సింహమ్మకు ఈ గొడవలేమీ తెలియవు. ఒక ఆదివారం అడిగింది: "ఎవ్వర్కి నేర్పుతున్నవ్ రా బాలేషూ? లేసిన సప్పుడు ఇనవడ్డది, దిగిన సప్పుడు ఇనవడలే." ఆ రోజు బండి ఇంజన్ నా గదిలో గోనెసంచి మీద ముక్కలుగా పరిచి ఉంది.

మరునాడు దిబ్బ ఎక్కి చూశాను. గుబ్బల టైరు అచ్చు ఒక్కటే గీతగా అంచుదాకా పోయింది. అవతలి వైపు దిగిన అచ్చు లేదు, మట్టి పలకలా ఉంది.

మీరు భయపడవద్దు. ఆయన ఎవరినీ ఏమీ చేయడు. ఆ నిమిషం పిల్లలను డాబా మీదికి పంపకండి, చాలు.

6. పాత పిస్టన్, విరిగిన క్లచ్ లివర్ సిద్దమ్మ దగ్గర ఉండాలి. ఎవరు అడిగినా చూపించాలి. పిస్టన్ చుట్టూ ఎండు గీతలు, ఆయిల్ జాడ లేదు. లివర్ ఆయన ఎడమ పిడికిట్లో దొరికింది, నాలుగు వేళ్లు విప్పి తీశాను. అంటే పట్టేసిన క్షణంలోనే క్లచ్ నొక్కాడు. తాగినవాడి వేలు అంత తొందరగా కదలదు. బండి సర్దుకునేలోపే నేల తగిలి చనిపోయాడు గానీ, తను చెప్పిన పాఠం తను మరవలేదు.

కొత్త పిస్టన్ వేశాక నేను రెండుసార్లు మూడో దిబ్బ మీదికి పోయాను. పాలసీసాతోనే కొలిచాను, దారం నేనే కట్టి నేనే విప్పాను. రెండుసార్లూ అంచు దగ్గర వెనకచక్రం ఆగిపోయింది. వేలు క్లచ్ మీద ఉంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ట్యాంకులో ఆయిల్ కలిసిన పచ్చటి పెట్రోల్ నిండుగా ఉంది. పిస్టన్ మీద గీత లేదు. ప్లగ్గు మాత్రం సున్నంలా తెల్లగా ఉంది.

7. మల్లేశయ్య బాబాయికి ఏమీ రాయలేదు. అలగవద్దు. వాటా ఉన్నవాడు సాక్షి కాకూడదని లేఖరి చెప్పాడు. నాకు నీ వాటా కంటే నీ సంతకం అవసరం. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా నీదే. అమ్మ మోపెడ్ బ్రేకు కూడా.

8. తాయారమ్మ గారికి: అమ్మా, మీ తప్పు లేదు. దారానికి మా దగ్గర వేరే అర్థం ఉందని మీకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నా నుదుట కూడా బొట్టు పెట్టి చల్లగా ఉండు బాబూ అన్నారు. ఆ మాట మీకే తిరిగి ఇస్తున్నాను.

9. ఫణికి: నీకూ ఏమీ రాయలేదు. కోపంతో కాదు, ఏడో అంశం మళ్లీ చదువు. మీ అమ్మకు తెలియకూడదనే ఇదంతా దాచావని నాకు తెలుసు. మీ అమ్మ నిద్ర కోసం సిద్దమ్మ నిద్ర తీశావు. తాగుబోతు బిడ్డ అని కాలేజీలో నర్మదను అంటున్నారు. అది మొదట నీ నోటి నుంచి వచ్చిన మాట.

ఈ ఏడు పోటీ దసరా రోజునే పెట్టావు. అందులో పదకొండున్నరకు నేను ఆ బండి ఎక్కుతాను, మూడో దిబ్బ మీదికి పోతాను. చావడానికి కాదు, దిగడానికి. ఏడాదిగా గాలిలో ఉన్న మనిషి ఎవరో ఒకరి చేత నేలకు దిగాలి. జేసీబీ వస్తే దిగేచోటు కూడా ఉండదు.

నేను ఎక్కకుండా ఆపే దారి ఒకటే. కింద రెండో సాక్షి చోటు ఖాళీగా ఉంచాను. నువ్వు వచ్చి, నాలుగో అంశం మైకులో అందరి ముందూ చదివి, అది నిజమని రాసి, ఆ చోట సంతకం పెట్టాలి. అప్పుడు ఆయన తనే దిగుతాడు, బండి స్టాండు మీదే ఉంటుంది. నువ్వు రాకపోతే నేనే చదువుతాను, విన్నవాళ్లలో ఒకరు సంతకం పెడతారు, నేను కిక్కు కొడతాను.

నీ జవాబు నాకు 2018 అక్టోబర్ 18, గురువారం, దసరా రోజు పగలు పదకొండు గంటల లోపల అందాలి. మీ అమ్మ దారం ఉండ విప్పకముందే.

తేదీ: 2018 అక్టోబర్ 8, సోమవారం, ఇబ్రహీంపట్నం.

(సంతకం) బాలేష్

మొదటి సాక్షి: మల్లేశయ్య, పంచర్ షాపు, బస్టాండ్ దగ్గర. (సంతకం)

రెండో సాక్షి: ........................ పెన్ను మేస్త్రి పోసిన డబ్బా పిడికి కట్టి ఉంచాను. పౌడర్ డబ్బీలోని అదే దారంతో. ఈసారి ముడి నేను విప్పలేదు.