నలభై రోజుల తూకం

మార్చి 5, బుధవారం
ఈస్టర్ ముందటి శ్రమల దినాలు ఈరోజు మొదలయ్యాయి. నేనూ, మా అమ్మాయి సుజితా నలభై రోజులూ ఉపవాసం ఉంటామని చర్చి సంఘంలో పేర్లు రాయించాం. పొద్దంతా నీళ్లే. సాయంత్రం ప్రార్థన కూడిక అయ్యాక ఒక్క పూట భోజనం. ఆదివారాలు మామూలే. పొద్దున ఇద్దరం బరువు చూసే మెషిన్ ఎక్కాం. నేను 74.2. సుజిత 58. దేవుని కోసం చేసేదానికి తూకమెందుకే అని మా ఆయన ఎలీషా నవ్వాడు. గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునేదాన్ని, ఇది రాసుకోనా?

మార్చి 15, శనివారం
నేను 73.6. సుజిత 55.4. ఒకే వంట, ఒకే గరిటె. తనకెలా తగ్గుతోంది?

మార్చి 20, గురువారం
కూడిక ఈరోజు మా క్వార్టర్‌లో. పక్కింటి సంధ్యారాణి సుజిత నడుం చుట్టూ చెయ్యేసి, గిదేందే పిల్లా, హీరోయిన్ లెక్క అయినవ్, మాకు గూడ జర చెప్పరాదు అంది. తర్వాత నా వైపు తిరిగి, రాహేలక్కా, నువ్వు చాటుంగ ఏమన్న నములుతున్నవా ఏంది, గట్లనే ఉన్నవ్ అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

పాస్టరమ్మ సుజితను సాక్ష్యం చెప్పమంది. ఆకలే తెలుస్తలేదు, దేవుడే నింపుతున్నడు అంది సుజిత. హల్లెలూయ అన్నారు. పందొమ్మిదేళ్లకే ఎంత భక్తి అన్నారు. నేనూ పదహారు రోజులుగా ఉంటున్నాను. నన్నెవరూ లేవమనలేదు.

ప్రార్థనలో ఏడ్చాను. పరిశుద్ధాత్మ తాకిందనుకున్నారు.

మార్చి 21
సాయంత్రం భోజనం కూడా మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం
71.9. సుజిత 51.

నా పెళ్లినాటి జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. చంకల దగ్గర రెండు వేళ్లు వదులు. పొద్దుటి షిఫ్టు దిగి బొగ్గు బాయి నుంచి వచ్చిన మా ఆయన, అచ్చం నువ్వు పెండ్లిల ఉన్నట్టే ఉన్నదే అన్నాడు. నేను అంత సన్నగా ఎప్పుడూ లేను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

తన దువ్వెనలో జుట్టు ఉండలు ఉండలుగా ఉంది. ఎండాకాలం కదా అనుకున్నాను. అలా అనుకోవడమే సుఖంగా ఉంది.

ఏప్రిల్ 12, శనివారం
70.8. సుజిత మెషిన్ ఎక్కనంది. దేవుని పనికి లెక్కలేంది మమ్మీ అంది. ఇంకా తగ్గింది, నాకు చూపించడం లేదు. రోజంతా కడుపులో మంట. అది ఆకలి మంట కాదు.

ఏప్రిల్ 20, ఈస్టర్, సాయంత్రం 4
ఉపవాసం తీరింది. బగారన్నం, మటన్ చేశాను. నేను తర్వాత తింటానన్నాను. సుజిత రెండుసార్లు పెట్టించుకుంది. నాకు హాయిగా అనిపించింది, ఇక తనూ లావవుతుందని. కన్నతల్లిని. రాయకూడదు, కానీ నిజం.

తిన్న పది నిమిషాలకు బాత్రూంలో నల్లా తిప్పింది. బకెట్ నిండి పొర్లుతున్నా కట్టలేదు. తలుపుకి చెవి ఆనించాను. వాంతి. అలవాటైన వాంతి, మధ్యలో దగ్గు కూడా లేదు.

మొదట భయం వెయ్యలేదు. ఇదా ఉపాయం, నాకెందుకు చెప్పలేదు అనిపించింది.

భయం తర్వాత వచ్చింది. తలుపు బాదాను. గడియ తీసి అక్కడే కూలబడింది. నేనొక్కదాన్నే ఎత్తుకొచ్చి మంచం మీద వేశాను. పందొమ్మిదేళ్ల పిల్లను.

ఏప్రిల్ 22, మంగళవారం
దవాఖానలో మూడో రోజు. సెలైన్ ఎక్కుతోంది. పొటాషియం బాగా పడిపోయిందట, గుండెకే ప్రమాదమట. 47.8 అని నర్సు చదివింది. నేను రాసుకున్నాను.

ఈ ఉపవాసం ఎవరు పెట్టించారని డాక్టరమ్మ కోపంగా అడిగింది. సుజిత నా వైపు చూడకుండా చెప్పింది. ఉపాసం వట్టి సాకు మేడం. అంతకుముందు నుంచే కక్కుతున్న. మమ్మీ కంచంల అన్నం పెట్టుకున్నప్పుడల్ల తనను తనే తిట్టుకుంటది, పందిలెక్క అయిన, ఇంక తింటె తలుపుల పట్టను అని. నేను గట్ల అయితనేమో అని భయం.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, మీరు పొద్దున ఏం తిన్నారు అని అడిగింది. తలుపు వైపు చూశాను.

ఏప్రిల్ 27, ఆదివారం
ఇంటికి తెచ్చాం. నువ్వు తింటెనే తింట అంది. ఒకే కంచం ముందు కూర్చున్నాం. తను ఒక ముద్ద నమిలి, నన్నే చూస్తూ మింగింది. నా ముద్ద ఇంకా నోట్లోనే ఉంది. నాకంటే ముందు మింగగలిగింది. దానికీ కుళ్లుకున్నాను.