అత్తమ్మ చెవిమిషన్

గద్వాల

అన్నా,

నేను, అత్తమ్మ బాగానే ఉన్నాము. ఫోన్‌లో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను. మీ బావ జీతంలో ఎక్కువగా పట్టుకున్న ఇన్‌కమ్ ట్యాక్సు, ఆయన పోయిన ఏడు నెలలకు నా ఖాతాలో పడింది. ఆ పైసలొస్తే తల్లికి చెవిమిషన్ కొనాలనేవారు. నిన్న కొన్నాను. పెట్టుకోగానే "ఇనబడుతుందా అత్తమ్మా?" అని అడిగాను.

"నీ గొంతు గిట్లుంటదా బిడ్డా? గిన్నేండ్లసంది నాకు తెల్వదు. ఇంకా జర మాట్లాడు" అంది. పొద్దుగూకేదాకా మాట్లాడాను.

వీపనగండ్లకు వచ్చెయ్యమన్నావు. ఆమెను విడిచి రాలేను, కోపగించుకోకు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నా కుట్టుమిషన్ మీ ఇంట్లోనే ఉంది కదా, బస్సులో వేసి పంపు. ఇక్కడే కుట్టుకుని బతుకుతాను. పిల్లలకు దీవెనలు.

నీ చెల్లె
వనజ