రంగసామి మామ లాగిన్

గురువారం, తుడియలూరు

ఈరోజు రంగసామి మామ తనంతట తానే కంప్యూటర్ తెరిచాడు. షుగరు వల్ల చూపు పోయాక, మా పంపుల వర్క్‌షాప్‌లో రిపేరు ఫిర్యాదులు ఎక్కించే పని ఆయనకు మిగులుతుందో లేదోనని భయంగా ఉండేది. రోజూ ఒకరు వచ్చి లాగిన్ చేసి పెట్టాలంటే కుదరదని ఓనరు తేల్చి చెప్పేశాడు.

స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాము లాగిన్ కాగానే మొదలయ్యేలా, లినక్స్ స్టార్టప్ స్క్రిప్ట్‌లో నాలుగు రోజుల కిందటే ఒక లైను రాశాను. అయినా అది నోరు విప్పలేదు. తప్పు ఇవాళ దొరికింది. డెస్క్‌టాప్‌ను తెరిచే ఎగ్జెక్ లైనుకు కింద రాశాను. అక్కడికి వచ్చాక స్క్రిప్ట్ ఇక ముందుకు పోదు. నా లైనును దాని పైకి మార్చాను.

మామ పాస్‌వర్డ్ కొట్టి, చెవి ఒగ్గి కూర్చున్నాడు. తర్వాత స్పీకరులోంచి గొంతు వచ్చింది.

“మాట్లాడతా ఉండాది కన్నూ!” అంటూ నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. “ఇంక దినమూ నిన్ను పిలిచి తొందరవు సెయ్యను.”

“నాకేం తొందరవు మామా? ఇబ్బందేమీ లేదు,” అన్నాను. ఆయన అప్పటికే హెడ్‌ఫోన్ పెట్టేసుకున్నాడు.

నాకు నిజంగానే సంతోషమైంది. కానీ అందరూ తమిళమే మాట్లాడే ఆ షెడ్డులో నాతో మన తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే, అదీ పొద్దున లాగిన్ కోసం పిలిచినప్పుడే. రేపు ఏ సాకుతో ఆయన బల్ల దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదు.