చేయని తప్పుకు క్షమాభిక్ష

వ్యాసర్పాడి,
ఆదివారం ఉదయం.

అక్కకు సరళ నమస్కారాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు షుగరు మాత్రలు మరిచిపోకుండా వేసుకుంటున్నారా? చిన్నదాని పరీక్షలు అయిపోయాయా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, దిగులు పడకు. ఫోనుండగా ఉత్తరమేమిటంటావేమో. ఫోనులో చెబితే నాలుగో మాటకే "పోనీలేవే" అంటావు. ఇది పోనిచ్చే సంగతి కాదు. అందుకే నువ్వు అడ్డం రాలేని చోట, కాగితం మీద చెబుతున్నాను.

మా డిపో సంగతి నీకు తెలుసుగా. ప్రభుత్వ ఆఫీసులకు వెళ్ళే కాగితం, ఫారాలు, రిజిస్టర్లు నిల్వ ఉంచే చోటు. జార్జి టౌన్‌లో ఒక పాత గోడౌను కూడా ఉంది. మొన్నటి వానల్లో ఒకరోజు పొద్దున్నే, నేనింకా ఇంట్లో ఉండగానే, మా సూపరింటెండెంటు ఫోను చేశారు. గోడౌనులోకి నీళ్ళొస్తున్నాయట, ఆఫీసుకు రాకుండా నేరుగా అక్కడికి వెళ్ళి సరుకు పైకెత్తించమన్నారు. బస్సులు లేవు. సగం దూరం ఆటోలో, సగం నీళ్ళలో నడిచి వెళ్ళాను. అక్కడి వాచ్‌మన్ మునిరత్నం అన్న, నేను కలిసి కట్టలన్నీ ఎత్తు బల్లల మీదికి చేర్చేసరికి సాయంత్రమైంది. అయినా కింది వరస తడిసిపోయింది.

మర్నాడు ఆఫీసులో చూస్తే హాజరు పట్టీలో నా పేరుకెదురుగా ఎర్ర సిరాతో గైర్హాజరు! వారం తిరక్కుండా మెమో. అనుమతి లేకుండా విధులు ఎగ్గొట్టానట. అది పట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికే పరుగెత్తాను.

"మీరే కదా సార్ నన్ను గోడౌనుకు పంపారు?"

"రాసి ఇచ్చినానామ్మా? ఉంటే చూపించు."

"ఫోను చేసి చెప్పారు కదా సార్!"

"ఫోను చేసినాను. వానగా ఉంది, జాగ్రత్తగా రా అని చెప్పినాను."

అక్కా, మెమో పట్టుకుని బయటికొచ్చేశాను. తరవాత ఆలోచిస్తే అర్థమైంది. గోడౌను కప్పు కారుతోందని మునిరత్నం అన్న ఎండాకాలంలోనే ఆయనకు చెప్పాడట. నన్ను పంపానని ఒప్పుకుంటే, అదంతా తెలిసీ పట్టించుకోలేదని ఒప్పుకోవాలి. తడిసిన కాగితానికి జవాబు చెప్పాలి. అంతకంటే నేను ఎగ్గొట్టానని రాయడం సులువు.

మెమోకు జవాబిచ్చాను. "సంతృప్తికరంగా లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసి, నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కించారు. దాంతో ఈసారి ప్రమోషను పరీక్షకు నా పేరు వెళ్ళదు. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చన్నారు. అయితే ఆ అప్పీలు ఎవరి ద్వారా వెళ్ళాలనుకున్నావు? ఈయన ద్వారానే! మొదటిసారి మార్జిను వదల్లేదని వెనక్కి పంపారు. రెండోసారి మర్యాదగా లేదన్నారు. నేను "అబద్ధం" అని రాశానట, "వాస్తవ విరుద్ధం" అని రాయాలట. సరేనని అలాగే రాశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సాక్ష్యం కావాలిగా. మునిరత్నం అన్నను అడగడానికి నాకే మొహం చెల్లలేదు. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం, మాట పడితే రేపే పొమ్మంటారు. నేను నసుగుతుంటే ఆయనే అన్నాడు:

"ఏందిమ్మా అట్ట నసుగుతావు? ఈడ మోకాలు లోతు నీళ్ళల్లో నువ్వు కట్టలు మోసింది నా కండ్లతో చూసినా. చూసింది చూసినానని చెప్పేదానికి ఎవురి పర్మిషన్ కావాల? కాగితం తే."

ఆయనది మూడు తరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉన్న తెలుగు కుటుంబం. మాట తెలుగు, రాత మాత్రం తమిళమే వచ్చు. రాసి, నాకు తెలుగులో చెప్పి, సంతకం పెట్టాడు.

చివరికి అప్పీలు వెళ్ళింది, పై అధికారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. పది గంటలకు రమ్మంటే నాలుగింటిదాకా బయట బెంచీ మీదే కూర్చున్నాను. ఆ అధికారి నా ఫైలు తిరగేస్తూ, "ఇంత చిన్న విషయాన్ని ఇంత దూరం తెచ్చావేమిటమ్మా?" అన్నారు.

"చిన్న విషయమైతే శిక్ష ఎందుకు సార్?" అన్నాను.

ఆయన నవ్వి ఫైలు మూసేశారు. మునిరత్నం అన్న కాగితాన్ని తిప్పి కూడా చూడలేదు.

పోయిన సోమవారం ఆర్డరు వచ్చింది. శిక్ష రద్దు! ఆఫీసులో అందరూ స్వీట్లు అడిగారు. సూపరింటెండెంటు కూడా "దయగల ఆఫీసర్ అమ్మా" అన్నారు. అప్పుడు చదివాను. ఏం రాశారో తెలుసా? "ఉద్యోగిని చేసిన మొదటి తప్పుగా భావించి, దయతలచి రద్దు చేయడమైనది." నేను తప్పు చేశానట, వాళ్ళు క్షమించారట! నేను దయ అడిగానా అక్కా?

సాయంత్రం జార్జి టౌన్ వెళ్ళాను. మునిరత్నం అన్న దూరం నుంచే "గెలిచినామా?" అని కేకేశాడు. ఆర్డరు ఏమందో చెప్పాను.

"అయితే నేను రాసింది అబద్ధమనా వాళ్ళు చెప్పేది?" అన్నాడు.

ఇంటికొచ్చి మళ్ళీ కాగితం తీశాను. శిక్ష లేకపోయినా ఆ వాక్యం ఉండకూడదని ఇంకా పై అధికారికి అర్జీ రాశాను. ఆఫీసులో అందరూ పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. గెలిచిన కేసు మళ్ళీ కెలుకుతావా అని తిడుతున్నారు. నువ్వూ తిడతావు. అందుకే ముందు అర్జీ ఇచ్చేసి, రసీదు చేతికొచ్చాకే నీకిది రాస్తున్నాను.

ఇక్కడ వానలు తగ్గాయి, ఉక్కపోత మొదలైంది. బావగారు ఇటు వచ్చేటట్టయితే కాస్త నల్లకారం, రెండు కిలోల జొన్నపిండి పంపు. మీ అత్తయ్యగారికి నా దండాలు. చిన్నదానికి ముద్దులు. ఒంటరిగా ఉన్నానని బెంగపడకు, బాగానే ఉన్నాను.

నెగ్గాలని కాదు, నెగ్గేదాకా విసుగు రాకూడదని దీవించు.

నీ మొండి చెల్లెలు,
సరళ