అన్న బండికి క్లచ్ ప్లేట్లు

నవంబర్ 4, మంగళవారం

వదిన మా ఊరికి పోయి అన్న ఏటీవీ పాత క్లచ్ ప్లేట్లు తెచ్చింది. మెకానిక్ ఊడదీసి ఇచ్చిండట. వికారాబాద్ గుట్ట కాడ టూరిస్టులను తిప్పే నాలుగు చక్రాల బండి... అన్నకు జబ్బు చేసినప్పటి నుంచి రేకుల కింద ఊకెనే నిలవడ్డది. రేస్ ఇస్తే అరుస్తది గని గుట్ట ఎక్కది.

దవాఖాన కోసం కిరాయికి తీస్కున్న చిక్కడపల్లి గదిల అన్న మంచం మీద కూసుండి ఒక్కొక్క ప్లేటును వేలుతోని రుద్ది చూసిండు. నల్లగ కాలినయి.

"కంపెనీవే తీస్కో చెల్లె. మూడేండ్లు మల్ల చూస్కునే పనుండది."

మూడేండ్లు అనంగనే వదిన గిన్నె పట్టుకొని బయటికి పోయింది.

నవంబర్ 5

రాయద్దనుకున్న. అన్నకు లివర్ ఖరాబైంది. చలికాలం దాటుడు కష్టమన్నడు డాక్టర్. నాకూ వదినకూ మాత్రమే చెప్పిండు. అన్నకు తెల్వనియ్యద్దని వదిన నాతోని ఒట్టు వేయించుకుంది.

నవంబర్ 6

అశోక్ నగర్ల, నా హాస్టల్ల. పుస్తకం తెరిచే ఉంది. ఒక్క పేజీ తిరగలే.

నవంబర్ 7, శుక్రవారం

నారాయణగూడ. స్పేర్ పార్ట్స్ దుకాణం. పాత ప్లేటు ఇస్తే దుకాణమాయన అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"బైకుది కాదు కద అక్కా?"

"ఏటీవీది."

"అయితే కంపెనీది ఆర్డర్ పెట్టాలె. నెల పడ్తది, జర ఎక్కువ గూడ కావచ్చు. సైజు కలిసే లోకల్ సెట్ ఉంది, ఇప్పుడే తీస్కపోవచ్చు. గని గుట్టలెక్కే బండికి ఒక్క సీజనే వస్తయి. తొందరేం లేకుంటె ఆగుండ్రి."

తొందరేం లేకుంటె...

కంపెనీవి వచ్చేసరికి అన్న ఉంటడా? లోకల్‌వి తీస్కుంటె, ఉండడని నేనే ఒప్పుకున్నట్టు. దుకాణమాయన ఇంకో గిరాకీతోని మాట్లాడుతుండు.

"లోకల్‌వే ఇయ్యుండ్రి."

ఎంత చిన్నగ అన్ననో ఏమో, మల్ల అడిగిండు. మల్ల చెప్పవల్సి వచ్చింది.

నవంబర్ 8, శనివారం

కంపెనీవే అని చెప్దామనుకున్న. డబ్బా మీది కాగితం గూడ చింపేసిన. అన్న ఒక ప్లేటు తీసి గోరుతోని నొక్కి చూసిండు.

"లోకల్ కద?"

"కంపెనీవి దొరకలే అన్నా."

"ఆర్డర్ పెడితే?"

"నెల పడ్తదట."

నా దిక్కు చూసిండు. నేను ప్లేట్ల దిక్కు చూసిన. నెల ఆగలేకపోయినవా అని అడుగుతడనుకున్న. అడగలే. ప్లేటును మల్ల డబ్బల పెట్టిండు, నెమ్మదిగ, చప్పుడు కాకుండ.

"మంచి పనే చేసినవ్ లే."

వదిన చాయ్ తెచ్చింది. ముగ్గురం తాగినం.

ఒట్టు తప్పలే నేను. ఒక్క మాట అనలే. అయినా ఆ ప్లేట్లతోనే చెప్పేసిన.

నవంబర్ 9

అన్న మెకానిక్‌కు ఫోన్ చేసిండు. "ఆయిల్ల నానబెట్టినంకనే బిగియ్యి. నేనొస్తున్న." అంత గట్టిగ మాట్లాడి ఎన్ని రోజులాయె.

నవంబర్ 12, బుధవారం

డాక్టర్ వద్దంటడని అడగనే లేదు. పొద్దున కారు మాట్లాడుకొని ముగ్గురం ఊరికి పోయినం. అన్న బండెక్కిండు, ఎనుక వదిన. గుట్ట ఎక్కింది! మలుపు కాడ ఆపిండు. దిగి, వదినను ముంగట కూసోబెట్టిండు.

నేను నడుచుకుంట మలుపు కాడికి పోయి చూస్తున్న. ఆమె చెయ్యి మీద అన్న చెయ్యి. "క్లచ్ జర మెల్లగ వదులు... ఆఁ, గట్లనే." ఇంజన్ బందయితది. మల్ల స్టార్ట్ చేపిస్తడు. వదిన ఏడుస్తుంది, నడుపుతుంది. నాకొద్దని ఆమె అనలే.

తిరిగొచ్చేటప్పుడు కార్ల అన్నడు: "కంపెనీ సెట్ గూడ ఆర్డర్ పెట్టు చెల్లె. వచ్చే సీజన్ల మీ వదినకు పనికొస్తది."

వదిన అద్దంల నుంచి బయటికే చూస్తుంది.

నవంబర్ 13

దుకాణానికి పోయిన. దుకాణమాయన ఆర్డర్ రాసుకుంటూ, "ఎవరి పేరు మీద అక్కా?"

అన్న పేరే చెప్పిన.

"సామాను రాంగనే ఫోన్ చేస్తం. నంబర్?"

అన్నదే ఇచ్చిన.