మునిగిన దేశానికి కళ్లు

సూర్యాపేట, 1949, మాఘ మాసం, రాత్రి

గెలిచాను! నాయన కుంచె పట్టాడు.

దక్షిణ సముద్రంలో మునిగిపోయిన పెద్ద దేశం కథ కోదాడ పంతులమ్మ చెప్పినప్పటి నుంచి దాన్ని గుడ్డ మీద పటంగా గీయాలని నా పంతం. "అది మన కులపురాణం గాదు, గా పటానికి నేను కండ్లు పెట్ట," అని నాయన మొండికేశాడు. కులాల కథలను పటాలుగా గీసే మా ఇంట్లో బొమ్మలకు కళ్లు అన్నిటికన్నా చివర పెడతారు. పెట్టేది నాయనే. కళ్లు లేకపోతే పటం ఉత్త గుడ్డే.

నేను సముద్రం ఎన్నడూ చూడలేదు. అందుకే నీళ్ల అడుగున మిర్యాలగూడ వరిపొలాలే వేశాను, గట్ల మీద చేపలు తిరుగుతున్నట్టు. సాయంత్రం నాయన వచ్చి పటం ముందు కూర్చుని గట్ల వెంట వేలు జరిపాడు.

"గీ గట్లు నేను తొక్కినయే గదనే!"

కొబ్బరికాయ కొట్టి ఆ దేశపు రాజుకు, జనానికి, చేపలకు కళ్లు పెట్టాడు. ఒక్క చేపను వదిలేశాడు. మరిచిపోయాడేమోనని చూపించాను.

"మర్సిపోలే బిడ్డా. దానికి నువ్వు పెట్టు."

మా వంశంలో ఏ ఆడదీ కళ్లు పెట్టలేదు. కుంచె కడిగి, నలుపు నూరి పెట్టుకున్నాను. చేప చూపు వంకర పోతే... పోనీ. వంకరగానైనా తెల్లారేసరికి అది నన్నే చూస్తుంది.